బడికి కావలి ఎవరు? వికారాబాద్, తాండూరు చరిత్ర చెప్పే జవాబు

వికారాబాద్ పట్టణానికి ఆ పేరు పైగా వంశపు నవాబు వికార్-ఉల్-ఉమ్రా వల్ల వచ్చింది. ఫలక్‌నుమా భవనం కట్టించిందీ, 1893 నుంచి 1901 వరకు నిజాం రాజ్యానికి ప్రధానమంత్రిగా ఉన్నదీ ఆయనే. ఆ వంశపు జాగీర్లు ఎందుకు పుట్టాయో ఇప్పుడు గుర్తుచేసుకోవాలి. నిజాం రక్షణకు అశ్వదళాన్ని పోషించాలన్న షరతు మీద పద్దెనిమిదో శతాబ్దంలో ఆ కుటుంబానికి ఈ జాగీర్లు దక్కాయి. జాగీరు రైతు కట్టిన శిస్తులో కొంత భాగం ఆయుధం పట్టిన మనుషుల జీతభత్యాలకు పోయేది. అదే శిస్తులోంచి ఊళ్లో బడి పెట్టాలన్న ఆలోచన రావడానికి చాలాకాలం పట్టింది. ఆయుధమా, బడా అన్న ఆ ప్రశ్న ఇప్పుడు మరో రూపంలో ముందుకొచ్చింది. ఇవాళ దేశంలో ఎక్కడ ఏ బడిలో ఘోరం జరిగినా, టీవీ చర్చల్లోనూ తల్లిదండ్రుల సమావేశాల్లోనూ ఒక డిమాండు వినిపిస్తోంది. గేటు దగ్గర తుపాకీ పట్టిన మనిషిని పెట్టాలని, అవసరమైతే బడి సిబ్బందికే ఆయుధాలివ్వాలని కొందరు అడుగుతున్నారు. పిల్లల మీద ప్రేమతో పుట్టిన డిమాండే కాబట్టి దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అయితే వికారాబాద్, తాండూరు ప్రాంతపు నూటయాభై ఏళ్ల అనుభవాన్ని ముందుపెట్టుకుని చూస్తే అది తప్పుదారి అని తేలుతుంది. ఇక్కడ పిల్లలను కాపాడింది ఊరికి తెలిసిన మనుషులు, ఊరికి జవాబు చెప్పుకోవలసిన మనుషులు. వాళ్లను ఒక్కొక్కరినే తొలగించుకుంటూ వచ్చి, ఖాళీ అయిన చోట తుపాకీని నిలబెట్టాలని ఇప్పుడు ఆలోచిస్తున్నాం.

రక్షణ కోసం ఆయుధాన్ని జీతానికి పెట్టుకోవడం నిజాం రాజ్యానికి కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దపు మొదటి సగంలో అరబ్బు, రొహిల్లా సిపాయిలు హైదరాబాదులోనూ జిల్లాల్లోనూ వేల సంఖ్యలో ఉండేవారు. సాహుకార్లు తమ ఖజానాకు కావలిగా, జమీందార్లు తమ గడీలకు కావలిగా వాళ్లను పెట్టుకున్నారు. కొన్నాళ్లకు ఆ కావలివాళ్లే అప్పులిచ్చేవాళ్లయ్యారు. బాకీ తీర్చలేనివాణ్ని తమ ఇళ్లలోనే బంధించేవారు. ప్రభుత్వం తీసుకున్న అప్పులకు పూచీగా తాలూకాల శిస్తు వసూలు కూడా వాళ్ల సర్దార్ల చేతుల్లోకి పోయింది. 1853లో దివాన్ పదవికి వచ్చిన మొదటి సాలార్‌జంగ్ ముందున్న పెద్ద పనుల్లో ఒకటి, ఈ కావలివాళ్ల నుంచి జనాన్ని కాపాడటం. తాలూకాలను వాళ్ల చేతుల్లోంచి విడిపించి, 1865లో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించే జిల్లాబందీ చేసి, జీతం తీసుకుని ప్రభుత్వానికి జవాబు చెప్పే పోలీసు వ్యవస్థను ఆయన నిలబెట్టాడు. ఆ రాజ్యం ఈ పాఠం నేర్చుకోవడానికి అర్ధశతాబ్దం పట్టింది. ఆయుధం ఎవరి చేతిలో ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఆ చేతిని అదుపులో పెట్టేదెవరు, తప్పు జరిగితే లెక్క అడిగేదెవరు అన్నవి అంతకంటే ముఖ్యమైన ప్రశ్నలు. బడి గేటు దగ్గర తుపాకీ గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా మొదటిదాని దగ్గరే ఆగిపోతారు.

ఊళ్లకు మాత్రం వేరే రకం కావలి ఉండేది. తెలంగాణ గ్రామాల్లో పోలీస్ పటేల్, మాలీ పటేల్, పట్వారీ అనే ముగ్గురు అధికారుల కింద సేత్‌సింధి, మస్కూరి, నీరడి, తలారి లాంటి గ్రామసేవకులు పనిచేసేవారు. ఇనాం భూమో, పంటలో వాటానో వాళ్ల జీతం. చేతిలో ఒక కర్ర. రాత్రిళ్లు ఊరి చుట్టూ తిరగడం, కొత్త మనిషి కనబడితే పటేలుకు చెప్పడం, చెరువు తూములు చూడటం, దండోరా వేయడం వాళ్ల పనులు. ఈ వ్యవస్థలో కులపీడన ఉంది, వెట్టి ఉంది. దాన్ని బంగారు కాలంగా చూపించడం అన్యాయం. కానీ కావలి కాసే మనిషికి ఊళ్లో ప్రతి గడపా తెలుసు, ప్రతి గడపకూ ఆయన తెలుసు అన్న మాట మాత్రం నిజం. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు మార్గం పడ్డాక తాండూరు, వికారాబాద్ స్టేషన్లు ఊళ్లను బయటి ప్రపంచానికి కలిపాయి. స్టేషన్ల చుట్టూ గంజ్‌లు, పోస్టాఫీసులు, బళ్లు వెలిశాయి.  వికారాబాదులో మెథడిస్టు మిషన్ ఆడపిల్లలకూ మగపిల్లలకూ వసతితో కూడిన బళ్లు పెట్టింది. ఇల్లు వదిలి వచ్చిన పిల్లలను రాత్రిపూట కనిపెట్టుకుని ఉండే పని ఈ ప్రాంతంలో అలాంటి చోట్లే మొదలైంది. వార్డెన్, వంటమనిషి, రాత్రి కావలి అనే ముగ్గురు మనుషుల మీద ఆ రక్షణ నిలబడింది.

తుపాకీని సామాన్యుడి చేతికిచ్చి రక్షణ అని పిలిస్తే ఏమవుతుందో 1947, 1948 సంవత్సరాల్లో ఈ ప్రాంతం దగ్గరినుంచి చూసింది. సమాజ రక్షణ కోసం పుట్టామని చెప్పుకున్న రజాకార్లు ప్రభుత్వ సేన కారు, ఏ కోర్టుకూ జవాబుదారులు కారు. వాళ్ల దౌర్జన్యాలు తెలంగాణ ఊళ్లలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు పోలీసు చర్య జరిగాక ప్రతీకారం రెండోవైపు తిరిగింది. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఎక్కువగా నష్టపోయిన జిల్లాలుగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లను పేర్కొంది. తాండూరు అప్పుడు గుల్బర్గా జిల్లాలో ఉంది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనతోనే తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. ఆ రెండేళ్ల చరిత్రను ఏ మతం వారి మీద నేరంగా చదివినా పొరపాటే. రెండు వర్గాల అమాయకులూ బలయ్యారు. రెండు సందర్భాల్లోనూ ఆయుధం పట్టినవాడు తాను రక్షకుణ్నేనని నమ్మాడు. ఆ నమ్మకం ఉన్నంత మాత్రాన ఎవరికీ రక్షణ దొరకలేదు. స్వతంత్ర భారతదేశం 1959లో ఆయుధ చట్టాన్ని తెచ్చి లైసెన్సు లేనిదే తుపాకీ ఉండకూడదని కట్టడి చేసింది. ఆ కట్టుబాటుకు వెనక ఇలాంటి అనుభవాలు దేశమంతటా ఉన్నాయి.

ఆ తర్వాతి యాభై ఏళ్లలో బడి స్వరూపం మారింది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో పి.వి. నరసింహారావు చొరవతో మొదటి గురుకులం మొదలైంది. సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ, మైనారిటీ గురుకులాలు తర్వాత వరసగా వచ్చాయి. చదువులో వెనకబడిన మండలాల ఆడపిల్లల కోసం 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల పథకం మొదలైంది. ఆడపిల్లల చదువు తక్కువగా ఉన్న ఈ ప్రాంతానికి ఆ పథకం ఎంతో అవసరమైంది. పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి పోయే బడికి గోడ, గేటు, ఒక అటెండరు ఉంటే సరిపోయేది. వందల మంది ఆడపిల్లలు రాత్రిళ్లు పడుకునే బడికి అవి చాలవు. కాబట్టి బడి భద్రత గురించి కొత్తగా ఆలోచించాల్సిందే అనే వాదనలో నిజముంది. అయితే కస్తూర్బా విద్యాలయాల రూపకర్తలు ఆ ఆలోచన అప్పుడే చేశారు. ప్రత్యేకాధికారిణి, ఏఎన్ఎం, వంటవాళ్లు, రాత్రి కావలికి మహిళ అని పోస్టులు పెట్టారు. అంటే రాత్రిపూట పిల్లల దగ్గర ఎవరుండాలన్న ప్రశ్నకు ఇరవై ఏళ్ల కిందటే మంచి జవాబు దొరికింది. ఆ జవాబును అమలు చేయడంలో మనం వెనకబడ్డాం. వాళ్లను చాలీచాలని జీతాలతో ఏళ్లతరబడి కాంట్రాక్టు పద్ధతిలోనే ఉంచాం. 2024 డిసెంబరులో కస్తూర్బా సిబ్బంది సహా సమగ్ర శిక్షా ఉద్యోగులు రాష్ట్రమంతటా సమ్మెకు దిగితే కస్తూర్బాల్లో పాఠాలు ఆగిపోయాయి.

పిల్లలకు రక్షణ ఎలా ఏర్పడుతుందో చూపించే మంచి ఉదాహరణ ఈ జిల్లాలోనే ఉంది. వికారాబాద్ 2016 అక్టోబరులో వేరు జిల్లా అయ్యేదాకా రంగారెడ్డి జిల్లాలో భాగం. ఆ రంగారెడ్డి జిల్లా ఊళ్లలో 1991లో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ బాలకార్మికుల మీద పని మొదలుపెట్టింది. శాంతా సిన్హా నాయకత్వంలో ఆ సంస్థ పట్టుకున్న సూత్రం చాలా సూటిగా ఉండేది. బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లాడూ బాలకార్మికులే. పత్తి చేలల్లో, పశువుల వెంట, గనుల్లో, జీతగాళ్లుగా ఉన్న పిల్లలను బడికి తేవడానికి పోలీసులను ముందుపెట్టలేదు. ఊరి యువకులు, సర్పంచులు, తల్లులు, ఉపాధ్యాయులు కలిసి ఇంటింటికీ తిరిగారు. ప్రభుత్వ ఉపాధ్యాయులు బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడ్డారు. ఊళ్లలో బాలల హక్కుల పరిరక్షణ వేదికలు పుట్టాయి. ఏ పిల్ల వారం రోజులుగా బడికి రావడం లేదు, ఏ ఇంట్లో పదమూడేళ్ల పిల్లకు సంబంధం చూస్తున్నారు అన్న సంగతి వీళ్లకు ముందే తెలిసేది. బాల్యవివాహాలు ఆగాయి. ఆ పనికి శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే మొదటి అధ్యక్షురాలు. బళ్లలో పిల్లల భద్రతకు తర్వాతి కాలంలో మాన్యువల్ తయారుచేసింది అదే కమిషన్. దేశం అనుసరించాల్సిన ఆలోచనకు ఒక మూలం మన ఊళ్లలోనే ఉందని ఈ జిల్లా ప్రజలు గర్వంగా చెప్పుకోవచ్చు.

ఇంత అనుభవం ఉన్నచోట గడచిన నలభై ఏళ్లుగా కావలి మనుషులు ఒక్కొక్కరే తగ్గిపోయారు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీ పదవులను రద్దు చేసింది. వాళ్ల పెత్తనం పోవడం మంచిదే. కింది స్థాయి గ్రామసేవకులు తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకులుగా మిగిలారు. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయింది, 2023లో రెవెన్యూ సహాయకులను ఇతర శాఖల్లో సర్దుబాటు చేశారు. బడుల సంగతి ఇంకా బాధాకరం. కరోనా వచ్చి బళ్లు మూతపడ్డాక సర్కారీ బడుల్లో ఊడ్చి, తుడిచి, గేటు తీసి వేసే సర్వీస్ పర్సన్లను తీసేశారు. పారిశుద్ధ్యం పని పంచాయతీ సిబ్బందికి అప్పగించారు. పంచాయతీ సఫాయివాళ్లకు ఊరి పనే సరిపోక, చాలాచోట్ల ఉపాధ్యాయులూ పిల్లలే చీపురు పట్టాల్సి వచ్చింది. 2024లో ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3,000 నుంచి 20,000 రూపాయల నిర్వహణ గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. అది మేలైన అడుగు. కానీ 3,000 రూపాయలతో ఒక మనిషిని రోజంతా బడి దగ్గర నిలపడం సాధ్యం కాదు. తండాలోనో చిన్న ఊళ్లోనో ఉన్న బడికి ఇవాళ్టికీ గేటు దగ్గర మనిషి లేడు. తుపాకీ చర్చకు ముందు తేలాల్సిన లోటు ఇది.

కాగితం మీద మాత్రం భద్రతకు కొదవ లేదు. 2004 జులై 16న తమిళనాడు కుంభకోణంలో బడికి నిప్పంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ ఘోరం నేపథ్యంలో 2009 ఏప్రిల్‌లో అవినాశ్ మెహ్రోత్రా కేసులో సుప్రీంకోర్టు ఒక గొప్ప మాట చెప్పింది. చదువుకునే హక్కులో సురక్షితమైన బడిలో చదువుకునే హక్కు కూడా ఉందని తేల్చింది. అదే ఏడాది వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ప్రహరీ గోడ లేదా కంచె ఉండాలని షెడ్యూల్‌లో రాసింది, పిల్లలను కొట్టడాన్ని పదిహేడో సెక్షన్‌లో నిషేధించింది. 2012లో పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం వచ్చింది. నేరం తెలిసీ చెప్పకపోవడం కూడా ఆ చట్టం కింద శిక్షార్హమే. 2021లో కేంద్ర విద్యాశాఖ బడి యాజమాన్యం జవాబుదారీని నిర్ణయిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయాలని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. తెలంగాణలో 2022లో మొదలైన మన ఊరు మన బడి పథకంలోని పన్నెండు అంశాల్లో ప్రహరీ గోడ ఒకటి. వీటిలో ఏ ఒక్కటీ బడి సిబ్బంది చేతికి తుపాకీ ఇవ్వమని చెప్పలేదు. చట్టం అడిగినదంతా గోడ, మనిషి, నిఘా, జవాబుదారీ. వీటిని పూర్తిగా అమలు చేసి చూశాక కూడా పిల్లలకు రక్షణ లేదని తేలితే అప్పుడు ఆయుధం మాట ఎత్తడంలో అర్థముంటుంది.

తుపాకీ డిమాండుకు బలమైన ఆధారంగా చూపించేది పెషావర్. 2014 డిసెంబరు 16న అక్కడి ఆర్మీ పబ్లిక్ స్కూలు మీద ఉగ్రవాదులు దాడి చేసి 130 మందికి పైగా పిల్లలను చంపారు. ఆ దుఃఖంలో ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా ప్రభుత్వం ఉపాధ్యాయులు ఆయుధాలు తెచ్చుకోవచ్చని 2015 జనవరిలో అనుమతించింది. ఆరు నెలలు తిరక్కుండానే స్వాత్‌లో ఒక ఉపాధ్యాయుడి తుపాకీ పొరపాటున పేలి అతని విద్యార్థే చనిపోయాడు. అమెరికా అనుభవం ఇంకా పెద్దది. కొలంబైన్‌లో 1999లో, పార్క్‌లాండ్‌లో 2018లో కాల్పులు జరిగినప్పుడు రెండు బడుల్లోనూ తుపాకీ ఉన్న పోలీసు అధికారి విధుల్లో ఉన్నాడు. 2022 మేలో టెక్సస్‌లోని యువాల్డీలో 376 మంది పోలీసులు చేరుకున్నా, హంతకుడున్న గదిలోకి పోవడానికి 77 నిమిషాలు పట్టింది. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. 1980 నుంచి 2019 వరకు అమెరికా బడుల్లో జరిగిన 133 కాల్పుల ఘటనలను జిలియన్ పీటర్సన్, జేమ్స్ డెన్స్‌లీ, వారి సహచరులు పరిశీలించి 2021లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. ఆయుధాల రకం, బడి స్వభావం లాంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా, సాయుధ కావలి ఉన్నచోట మరణాల రేటు 2.83 రెట్లు ఎక్కువని తేలింది. కావలివాడే చావులు పెంచాడని దీని అర్థం కాదు. చావడానికి సిద్ధపడి వచ్చినవాణ్ని గేటు దగ్గరి తుపాకీ ఆపలేదని మాత్రం దీన్నిబట్టి అనుకోవచ్చు. అమెరికాలో స్థిరపడిన లక్షలాది తెలుగు కుటుంబాల పిల్లలు బడుల్లో కాల్పుల డ్రిల్లు చేస్తూ పెరుగుతున్నారు. ఆ దేశం నుంచి మనం తెచ్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి. ఈ పద్ధతి వాటిలో ఒకటి కాదు.

మన దేశపు అనుభవం కూడా దీన్నే బలపరుస్తుంది. 2007 డిసెంబరులో గుర్‌గావ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు తోటి విద్యార్థిని కాల్చింది ఇంట్లోంచి తెచ్చిన పిస్టల్‌తో. 2018 జనవరిలో హర్యానా యమునానగర్‌లో పన్నెండో తరగతి కుర్రాడు ప్రిన్సిపాల్‌ను కాల్చింది తండ్రి లైసెన్సు రివాల్వర్‌తో. 2024 జులైలో బిహార్ సుపౌల్‌లో నర్సరీ చదివే ఐదేళ్ల పిల్లాడు సంచిలో తుపాకీ తెచ్చి మూడో తరగతి పిల్లాణ్ని గాయపరిచాడు. మన బళ్లలో తుపాకీ పేలిన సందర్భాల్లో ఇలా ఇంట్లోంచి, పెద్దవాళ్ల రక్షణ కోసమని కొన్న తుపాకీ పిల్లల చేతికి చిక్కి రావడం కనిపిస్తుంది. ఆయుధాల సంఖ్య పెంచితే ఈ ప్రమాదం కూడా పెరుగుతుంది. బడిలోకి ఆయుధం చేరితే బడే లక్ష్యంగా మారుతుందని పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్ చూపించింది. దంతెవాడ ప్రాంతంలో భద్రతా దళాలు బడి భవనాల్లో మకాం పెట్టాయి, మావోయిస్టులు బడి భవనాలను పేల్చారు, పిల్లల చదువు పోయింది. మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం హింస తట్టుకోలేక వేలాది ఆదివాసీలు ఖమ్మం వైపు వలస వచ్చారు. నందినీ సుందర్ కేసులో 2011లో సుప్రీంకోర్టు బళ్లను ఖాళీ చేయమని ఆదేశించింది. బడి ఎవరి పక్షమూ కాదన్న నమ్మకమే దానికి పెద్ద రక్షణ అని ఆ అనుభవం నుంచి నేర్చుకోవచ్చు.

పిల్లలకు హాని చేసేది ఎవరన్న ప్రశ్నకు సమాధానం దొరికితే ఈ చర్చ సగం తేలిపోతుంది. పోక్సో కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు పిల్లలకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు ఏటా చెబుతున్నాయి. 2017 సెప్టెంబరులో గుర్‌గావ్‌లో ఏడేళ్ల పిల్లాడి హత్య జరిగినప్పుడు పోలీసులు మొదట బస్సు కండక్టరును పట్టుకున్నారు. సీబీఐ దర్యాప్తులో ఆ బడిలోనే పదకొండో తరగతి చదివే కుర్రాణ్ని అదుపులోకి తీసుకున్నారు, కండక్టరుకు విముక్తి దొరికింది. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక ప్రైవేటు బడిలో నాలుగేళ్ల పాప మీద అఘాయిత్యం చేసినవాడు ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. 2023లో అతనికి ఇరవై ఏళ్ల జైలుశిక్ష పడింది. ఈ రెండు చోట్లా గేటు దగ్గర మరతుపాకీ ఉన్నా ఏ తేడా ఉండేది కాదు. ఆ మనుషులు గేటు దాటి లోపలికి దర్జాగా వచ్చేవాళ్లే. అవసరమైనవి వేరే ఉన్నాయి. పనిలోకి తీసుకునే ముందు విచారణ, పిల్లలు ఒంటరిగా చిక్కే మూలల మీద ఒక ఆడమనిషి కన్ను, పిల్ల ఏదైనా చెబితే నమ్మి వినే టీచరు, విన్నాక భయపడకుండా ఫిర్యాదు చేసే యాజమాన్యం. వికారాబాదులో బాధిత మహిళలకూ పిల్లలకూ అండగా ఉన్న భరోసా కేంద్రం లాంటి చోట్లకు ఆ ఫిర్యాదు చేరేలా చేయడం కూడా భద్రతలో భాగమే.

తాండూరు, వికారాబాద్ పిల్లలు నిజంగా ఎక్కడ ప్రాణాలు పోగొట్టుకుంటున్నారో చూద్దాం. తాండూరు అంటే కందిపప్పుకు, నాపరాళ్లకు పేరు. నాపరాయి, సిమెంటు, కంకర మోసే లారీలు, టిప్పర్లు ఈ ప్రాంతపు రోడ్ల మీద రాత్రింబవళ్లు తిరుగుతాయి. 2025 నవంబరు 3న తాండూరు డిపో ఆర్టీసీ బస్సును చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయారు. హైదరాబాదులో చదువుకుంటున్న తాండూరు విద్యార్థినులు వారిలో ఉన్నారు. ఆ రోడ్డు విస్తరణ పనులు అప్పటికి ఎన్నో ఏళ్లుగా ఆగిపోయి ఉన్నాయి. 2024 నవంబరులో పక్కనే నారాయణపేట జిల్లా మాగనూరు బడిలో మధ్యాహ్న భోజనం తిని పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. ఆ మరుసటి నెల తాండూరులోనే గిరిజన బాలికల వసతిగృహంలో పిల్లలు కలుషితాహారంతో అస్వస్థులయ్యారు. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు వద్ద బడి బస్సును రైలు ఢీకొట్టింది. ఆ ఘోరం తర్వాత కాపలా లేని గేట్లను ఎత్తేసే పని వేగం పుంజుకుంది, 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ మార్గాలన్నిటి మీదా అది పూర్తయింది. ప్రమాదం ఎక్కడుందో సరిగ్గా గుర్తించి డబ్బు అక్కడ పెడితే ఫలితం వస్తుందని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు. రోడ్డు, వంటగది, నీళ్లు, మరుగుదొడ్డి, పాతబడిన గోడలు మన పిల్లలకు రోజూ ఎదురయ్యే ప్రమాదాలు.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాలను తప్పించుకోకూడదు. బ్యాంకు దగ్గర తుపాకీ కావలి ఉంటే పిల్లలు డబ్బుకంటే తక్కువా అని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. పిల్లలు ఎంతో ఎక్కువ, అందుకే ఆ పోలిక కుదరదు. బ్యాంకులో కావలి దొంగ నుంచి డబ్బును కాపాడాలి. డబ్బు ఆ తుపాకీ దగ్గరికి వెళ్లి తాకదు, గుండు పేలితే చావదు. వందల మంది పిల్లలు ఆడుకునే ఆవరణలో గుండు నింపిన తుపాకీ ఉంటే దాన్ని రోజంతా పిల్లల నుంచి కాపాడటమే ఒక ఉద్యోగం అవుతుంది. రెండో అభ్యంతరం, అనంతగిరి కొండల అంచునో ఊరికి దూరంగానో ఉన్న గురుకులాల గురించి. రాత్రి రెండు గంటలకు పోలీసులు వచ్చేలోపు ఏమైనా జరగవచ్చు కదా అంటారు. ఆ భయం నిజమైనదే. దానికి జవాబు ఎత్తైన గోడ, వెలుగు, లోపలే ఉండే ఇద్దరు వాచ్‌ఉమన్లు, దగ్గరి పోలీసు స్టేషనుకు నేరుగా మోగే గంట, రాత్రి గస్తీ వచ్చినట్లు పోలీసులు సంతకం పెట్టే రిజిస్టరు. ఒక్క తుపాకీ ఉన్న ఒంటరి మనిషికంటే ఇవన్నీ కలిసి ఎక్కువ పనిచేస్తాయి. మూడోది, మాజీ సైనికులను పెడితే తప్పేమిటని. క్రమశిక్షణ తెలిసిన మాజీ జవాన్లను గేటు కావలికి తీసుకోవడం మంచిదే, తుపాకీ లేకుండా తీసుకోవాలి. వాళ్ల విలువ వాళ్ల అప్రమత్తతలో ఉంది. ఎన్‌సీసీలో పిల్లలే రైఫిల్ పడుతున్నారు కదా అనేవారికి ఒక విషయం గుర్తుచేయాలి. 1948 చట్టంతో వచ్చిన ఆ సంస్థలో ఆయుధం సైనిక సిబ్బంది ఆధీనంలో, తాళం కింద ఉంటుంది. ప్రతి తూటాకూ లెక్క ఉంటుంది. బడి గేటు దగ్గర ఏజెన్సీ పెట్టే గార్డుకు ఆ కట్టుదిట్టం ఉండదు.

చివరగా ఒక అభ్యంతరం ఉంది. కాలం మారింది, గంజాయి వచ్చింది, ఫోన్లు వచ్చాయి, ఊరి కావలి పద్ధతి ఇక పనిచేయదని కొందరంటారు. మారిన కాలంలో పాత పద్ధతిని యథాతథంగా తీసుకురాలేం, తీసుకురాకూడదు కూడా. సేత్‌సింధికి జరిగిన వెట్టిచాకిరీ మళ్లీ ఎవరికీ జరగకూడదు. ఆ పద్ధతిలో మంచి భాగాన్ని, అంటే ఊరికి తెలిసిన మనిషి కావలి ఉండటాన్ని, గౌరవమైన జీతంతో ఉద్యోగంగా మార్చుకోవాలి. గంజాయి అమ్మేవాణ్ని గుర్తుపట్టేది రోజూ గేటు దగ్గర నిలబడే మనిషే. బడి మానేసిన పిల్ల ఇంటికి వెళ్లి అడిగేది ఆ ఊరి ఆయమ్మే. గతంలో సిపాయిల జీతాలకు పోయిన జాగీరు శిస్తు మాటకు వస్తే, ఈనాటి ప్రభుత్వ ఖజానా ప్రజలది, దానిలో పిల్లల భద్రతకు మొదటి వాటా ఉండాలి. కాబట్టి వికారాబాద్ జిల్లా తల్లిదండ్రులకు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల తల్లులకు, ప్రజాప్రతినిధులకు ఒక విన్నపం. మీ బడికి ప్రహరీ ఉందా, గేటు దగ్గర నెలజీతం తీసుకునే మనిషి ఉన్నారా, వసతిగృహంలో రాత్రి కావలికి మహిళ ఉందా, వంటను తిని చూసే పెద్దమనిషి ఉన్నారా, బడి ముందు రోడ్డుకు స్పీడ్ బ్రేకర్ ఉందా అని ముందు అడగండి. ఈ ఐదింటికీ ఉంది అన్న జవాబు వచ్చేదాకా పోరాడండి. తుపాకీతో బడిని కాపాడతామని ఎవరైనా మీ ముందుకొస్తే వద్దని చెప్పండి. ఈ నేల ఆ ప్రయోగాన్ని ఇప్పటికే చేసి చూసింది, దాని ఖరీదు ప్రజలే కట్టారు.